మూడు దినముల గడువు

ఇల్లు కట్టి చూడుము, పెండ్లి చేసి చూడుము అని మన పెద్దలు చెప్పిరి. కట్టిన యింటిని ఏండ్ల తరబడి నిలుపుకొనుట ఎంత పనియో ఆ సామెతలో లేదు. బహుశః ఆ కాలమువారికి అది వేఱుగ చెప్పవలసిన సంగతిగా తోచియుండదు.

నంద్యాల కుందూనది లోయలోని పట్టణము. దానికి తూర్పున నల్లమల కొండలు, పడమట ఎఱ్ఱమల కొండలు కలవు. చిరకాలము కర్నూలు జిల్లాలో నుండిన యీ పట్టణము, 2022వ సంవత్సరము ఏప్రిల్ 4వ తేదీన ఏర్పడిన నంద్యాల జిల్లాకు ముఖ్యపట్టణమైనది. చుట్టును నల్లరేగడి భూములు. పడమటనున్న బేతంచెర్ల ప్రాంతమున పలకలు పలకలుగా చీలు నాపరాయి దొరకును. దొరకినదానితోనే జనులు ఇండ్లు కట్టుకొనిరి. రాతిగోడలు, గోడలపై కొయ్య దూలములు, దూలములపై దంతెలు, దంతెలపై బండలు, బండలపై మట్టి, అన్నింటికిని మీద చవుడు. ఇదియే రాయలసీమవారి మిద్దె. వెలుతురుకొఱకు కప్పులో విడిచిన కంతకు గవాచి యని పేరు. వాన వచ్చినప్పుడు ఎవరో ఒకరు పరుగున మిద్దె యెక్కి దానిమీద బండ మూయవలెను.

చవుడు చిత్రమైన మట్టి. అది పైరునకు పనికిరాదు. చవుటినేలను చూచి రైతు నిట్టూర్చును. కాని అదే మట్టి తడిసినప్పుడు మెత్తనై, సన్నని రేణువులు సందులలోనికి దిగి, నీటిని క్రిందికి పోనీయక అడ్డుపడును. పొలమునకు శత్రువైనది కప్పునకు మిత్రమైనది. వానకాలమునకు ముందు బండ్లతో చవుడు తోలి, మిద్దెపై పఱచి, త్రొక్కి, వాలు సరిచేయుట ఏటేట జరుగు పని. అందుచేత ఏ దూలము క్రుంగినదో, ఏ మూల కురియునో, నీరు ఎటు పారునో ఆ యింటి ముసలమ్మకు కన్నులు మూసికొన్నను తెలియుచుండెను. ఆమె యింటి కప్పునుగూర్చి ఆమెకు చెప్పుటకు పైనుండి ఎవరును రానక్కఱలేదు.

సిమెంటును ఇనుపకమ్ములును కలిపి పోసిన కప్పులు వచ్చిన తరువాత ఈ యేటేటి శ్రమ పోయినది. శ్రమ పోవుట సుఖమే. దానికి ఎవరును విచారింప నవసరము లేదు. కాని దానితోపాటు ఇంటివానికి తన కప్పుతో గల పరిచయమును పోయినది. ఇప్పుడు మేడపైకి బట్టలు ఆరవేయుటకు పోవుదురు, వడియములు పెట్టుటకు పోవుదురు, దీపావళినాడు దీపములు పెట్టుటకు పోవుదురు. కప్పును చూచుటకు పోవువారు తక్కువ. ఎఱుగని వస్తువును గూర్చి ఎవడైనను ధైర్యముగ చెప్పినచో, ఆ మాట నిజమువలెనే వినబడును.

గడపయొద్దకు వచ్చి అమ్ముట తప్పు కాదు. కత్తులకు సాన పట్టువారును, రాగి యిత్తడి పాత్రలకు కళాయి పోయువారును, రోళ్ళకు తిరుగళ్ళకు గంట్లు కొట్టువారును వీథివీథిని కేకలు వేయుచు తిరిగెడివారు. వారి పద్ధతి యొకటి గమనింపదగినది. ధర ముందు, పని నడుమ, డబ్బు కడపట. పని కన్నులయెదుట జరుగును. కళాయి సరిగా పట్టనిచో ఇల్లాలు గిన్నెను తిప్పి చూపి మరల పోయించుకొనెడిది. ఆ పిమ్మట పెద్ద సంస్థలు ఈ మార్గమున ప్రవేశించినవి. 1982లో స్థాపింపబడిన యురేకా ఫోర్బ్స్ సంస్థ దుమ్ము పీల్చు యంత్రములను, నీటిని శుద్ధిచేయు యంత్రములను ఇంటింటికి పంపి చూపించి, మన దేశమున ఇంటింటి అమ్మకమును పెద్ద వ్యాపారముగ నిలిపెను. వస్తువును ఇంటిలోనే నడిపి చూపుట కొనువానికిని ఉపకారమే. నేటి చిక్కు మఱియొకచోట నున్నది. పని చేయువాడు ఒకడు, మాట చెప్పువాడు మఱియొకడు అయినారు. మాట చెప్పువానికి మాటతోనే పని తీరిపోవును. కప్పు కురిసినను కురియకున్నను అతని పాలు అతనికి ముట్టును.

నంద్యాలలో ఒక యిల్లు ఉన్నదనుకొందము. యజమాని ఎరువుల దుకాణమున లెక్కలు వ్రాయువాడు. ఆయన భార్య, వృద్ధురాలైన తల్లి, ఇంటర్మీడియెట్ ముగించిన కుమారుడు, ఎనిమిదవ తరగతి చదువు కూతురు ఆ యింట నుందురు. కుమారుని కళాశాల రుసుము కొఱకు కూడబెట్టిన 40,000 రూపాయలు బీరువాలో నున్నవి. కట్టుటకు పది దినముల గడువు కలదు.

ఆగస్టు నెలలో రెండు దినములు విడువని వాన. ముందుగది కప్పున పళ్ళెమంత తడిమచ్చ పడినది. శనివారము ప్రొద్దున ఎనిమిది గంటలకు ఇద్దఱు యువకులు వచ్చి తలుపు తట్టిరి. ఒకని మెడలో టై, చేతిలో సంచి. రెండవవాని చేతిలో మూత బిగించిన బకెట్టు.

“నమస్కారం సార్. వెనక వీథిలో మా పని జరుగుతా ఉంది. ఇంకొక్క ఇంటికి చాలినంత సరుకు మిగిలింది. మీ గోడ చెమ్మ చూసి ఆగినాము.”

“లోపలికి రాండి” అని యజమాని కుర్చీలు చూపెను. కాఫీ వచ్చెను.

టై కట్టినవాడు సంచినుండి ఒక పెంకు తీసెను. దానిలో సగమునకు తెల్లని పూత యున్నది. గ్లాసులోని నీటిని దానిపై వంచెను. పూత లేని సగము నీటిని పీల్చెను. పూతపై నీరు ముత్యములవలె దొరలిపోయెను. ఇంటివారు ఆశ్చర్యముతో చూచిరి. పిమ్మట అతడు తలయెత్తి కప్పునందలి మచ్చను చూచి, కొంతసేపు మౌనముగ నుండెను.

“సార్, చెప్పకూడదు గానీ, లోపల కమ్మికి తుప్పు పట్టింటుంది. ఇంక రెండు వానలు పడితే పెచ్చులు ఊడి పడతాయి. పిల్లలు తిరిగే ఇల్లు.”

ఇల్లాలు కూతురును తనదగ్గఱకు లాగుకొనెను.

కప్పు 1,200 చదరపు అడుగులుండునని అతడు కూర్చున్నచోటినుండియే చెప్పెను. అడుగునకు 40 రూపాయలు, వెరసి 48,000. యజమాని ముఖము చిన్నబోవుట చూచి, తన పై అధికారికి ఫోను చేసి, అందఱు వినునట్లుగ బ్రతిమాలి, 40,000కు దింపెను. మరల బ్రతిమాలి 35,000కు దింపెను. ఫోను పెట్టి, నుదుట చెమట తుడుచుకొనెను.

“మీ ముఖం చూసి ఒప్పించినాను సార్. కానీ ఈ పూటకే. సాయంత్రానికి మా బండి కడపకు పోతుంది. పదివేలు అడ్వాన్సు ఇచ్చి ఇక్కడ సంతకం పెట్టండి.”

యజమాని బీరువావైపు చూచెను. 35,000 పోగా 5,000 మిగులును. రుసుమునకు ఎక్కడనైన అప్పు పుట్టింపవచ్చును; కప్పు కూలినచో ఏమి చేయవచ్చును? అతని తలలో ఈ లెక్క నడుచుచుండెను.

ఇచ్చట కథను కొంచెము నిలిపి, ఆ గదిలో ఏమి జరిగినదో చూడవలెను. పెంకు చూపుట అబద్ధము కాదు. ఆరిన చిన్న పెంకుపై శుభ్రముగ వేసిన పూత నీటిని ఆపును. అయితే కప్పు కురియుట పెంకువలె నడిమిభాగమున పీల్చుటచేత కాదు. ఎక్కువగా బీటలవద్ద, పిట్టగోడ మొదట, నీరుపోవు తూము చుట్టును నీరు దిగును. పైగా అట్టి పూతలలో అనేకములు ఆరిన, దుమ్ము లేని తలమునే పట్టును. రెండు దినములు నానిన కప్పుపై వేసినచో పొరలుగ లేచిపోవును. తుప్పుమాట నిజము కావచ్చును, కాకపోవచ్చును; క్రింద కుర్చీలో కూర్చుండి దానిని చెప్పగలవాడు లేడు. ఫోనులోని బ్రతిమాలుట యొక నాటకము. ఈ మూడింటిని తెలిసికొనుట కష్టము కాదు.

తెలిసియు దాటుటకు కష్టమైనది వేఱొకటి కలదు. దానికి మన భాషలో మొగమాటము అని పేరు. ఎదుటివాని మొగము చూచి కాదనలేకపోవుట. ఇంటికి వచ్చినవానిని కూర్చుండబెట్టి, కాఫీ యిచ్చి, అతడు మనకొఱకు ఎవరినో బ్రతిమాలగా కన్నులార చూచి, ఇప్పుడు వలదనుట మర్యాద కాదని తోచును. నిజమునకు అమ్మకమువాని సంచిలోని ముఖ్యమైన సరకు ఆ పూత కాదు, ఇంటివాని మొగమాటమే. అతిథిని ఆదరించుట వేఱు, అతిథి చెప్పిన ధరకు వస్తువు కొనుట వేఱు. మజ్జిగ ఇచ్చినంతమాత్రమున సంతకము ఇయ్యవలెనని ఏ ధర్మశాస్త్రమును చెప్పలేదు.

అంతలో అవ్వ వంటయింటినుండి వచ్చెను. ఆమె పుట్టినది మట్టిమిద్దె క్రింద.

“ఏమబ్బీ, పైకి ఎక్కి చూసినావా?”

“చూడకుండానే చెప్పగలము అవ్వా. రోజూ చేసే పనే కదా.”

“నువ్వు చూడకపోతే పాయె, నేను చూస్తాను. రామ్మా” అని ఆమె మనుమరాలి భుజము పట్టుకొని మెట్లెక్కెను.

మేడపై ఒక మూల చీలమండ మునుగునంత నీరు నిలిచియున్నది. పొరుగింటి వేపచెట్టు ఆకులు, పుల్లలు, ఒక ప్లాస్టిక్ సంచి కలిసి తూమునకు బిరడావలె బిగిసినవి. ఆ మూల సరిగా ముందుగది మచ్చకు పైన నున్నది. బాలిక వంగి చేయి పెట్టి ఆ ముద్దను లాగెను. నీరు గుటగుటమని క్రిందికి దిగెను. తూము మూతికి ప్రక్కన, వెండ్రుకకంటె కొంచెము లావైన బీట యొకటి బయటపడెను.

బాలిక అంతటితో విడువలేదు. బడిలో ఆ నెలలోనే వైశాల్యములు చెప్పియుండిరి. క్రిందికి పోయి టేపు తెచ్చి, తల్లిని రెండవ కొస పట్టుకొమ్మనెను. పొడవు 36 అడుగులు, వెడల్పు 25 అడుగులు.

“నాన్నా, తొమ్మిదివందల అడుగులే” అని ఆమె గదిలోనికి వచ్చి చెప్పెను.

“పిట్టగోడ లోపలి వైపు కూడా వేస్తాము కదమ్మా” అనెను టై కట్టినవాడు.

అది న్యాయమైన మాటయే. బాలిక మరల లెక్కించెను. పిట్టగోడ ఎత్తు ఒక అడుగు. చుట్టుకొలత 122 అడుగులు. అదియు కలిపిన 1,022 చదరపు అడుగులు. అడుగునకు 40 చొప్పున 40,880 రూపాయలు. తగ్గించితినని చెప్పిన 13,000లో 7,120 రూపాయలు లేని కప్పునకు వేసిన ధర.

యజమాని లేచి నిలుచుండెను. ఆయన కోపపడలేదు.

“నాయనా, ఏ సరుకు, ఎన్ని అడుగులు, ఎంత ధర, ఎన్ని ఏండ్ల పూచీ, అంతా కాగితంమీద వ్రాసి, మీ సంస్థ పేరూ చిరునామా వేసి ఇచ్చి పో. మూడు దినాలు చూసి చెబుతాను.”

“మూడు దినాలకు ఈ ధర ఉండదు సార్.”

“ఉండకపోతే అప్పటి ధరే విందాము.”

ఆ యువకుడు లేవలేదు. మరల పెంకు తీసెను, మరల తుప్పుమాట యెత్తెను, పెద్దలు ఇట్లు అపనమ్మకము చూపుట తగునా యని నొచ్చుకొనెను. యజమాని ప్రతిమాటకును జవాబు చెప్పలేదు. జవాబు చెప్పిన కొలది బేరము పెరుగునని ఆయన దుకాణములో నేర్చినాడు. “మూడు దినాలు” అని మాత్రమే మరల అని, “నాకు దుకాణానికి వేళయింది” అని చెప్పులు తొడిగికొని వాకిట నిలుచుండెను. యజమాని వాకిట నిలిచిన యింట అతిథి ఎంతసేపు కూర్చుండగలడు?

బకెట్టు పట్టుకొన్న రెండవవాడు వెనుక నడచుచుండగా, అవ్వ అతనికి చెంబుతో మజ్జిగ ఇచ్చెను. అతడు త్రాగి, మెల్లగ చెప్పెను. వారికి జీతము లేదట. సంతకము పడిన దినమున కమీషను, పడని దినమున బస్సు చార్జీ కూడ తమదేనట.

“ఇంకో చెంబు తాగు నాయనా” అనెను అవ్వ. “రూకలు మాత్రం నావి కావు, మనమడి చదువువి.”

మూడు దినములను ఆ యజమాని ఏ పుస్తకమునుండియు నేర్చుకొనలేదు. కాని ఆయన పలికిన ఆ గడువే సముద్రముల కావల చట్టమై యున్నది. అమెరికాలో ఇంటింటి అమ్మకములు పెచ్చుపెరిగి, తలుపు తెఱచిన పాపమునకు సంతకము పెట్టినవారి మొఱలు ఎక్కువైనపుడు, అచ్చటి కేంద్ర వాణిజ్య సంఘము 1972లో ఒక నియమము చేసెను; 1974లో అది అమలులోనికి వచ్చెను. ఇంటివద్ద జరిగిన ఇట్టి అమ్మకమును కొనువాడు మూడవ పనిదినము అర్ధరాత్రి వఱకు, కారణము చెప్పకయే, రద్దుచేసికొనవచ్చును. ఐరోపా దేశములు 1985లో ఏడు దినముల గడువు నేర్పఱచి, తరువాత దానిని పదునాలుగు దినములు చేసినవి. ఆ చట్టములు చేసినవారు గ్రహించిన దేమనగా, దుకాణమునకు పోవువాడు కొనవలెనని బయలుదేఱి పోవును. ఇంట నున్నవాడు అట్లు బయలుదేఱినవాడు కాడు. అతనికి ఆలోచించు కాలమును ముందు దొరకలేదు గనుక వెనుక ఇయ్యవలెను.

మన దేశమున ఇంటివద్ద జరిగిన ప్రతి అమ్మకమునకును వర్తించునట్టి గడువు లేదు. 2021వ సంవత్సరము డిసెంబరులో వచ్చిన ప్రత్యక్ష విక్రయ నియమములు, ఆ పద్ధతిన అమ్ము సంస్థల ప్రతినిధులు గుర్తింపు చీటి లేకుండ, ముందుగ అనుమతి పొందకుండ కొనువాని యింటికి పోరాదని చెప్పుచున్నవి. మంచి నియమమే. కాని బకెట్టుతో వచ్చి బండిలో పోవు ప్రతివాడును ఆ నియమముల క్రిందికి వచ్చునా యని వాకిట నిలిచి వాదించుట సాధ్యము కాదు. కావున గడువును ఇంటివాడే ముందుగ తీసికొనవలసియున్నది. అవ్వ పుట్టినింట ఎద్దులను కొనునపుడు కాడి కట్టి, సాలు తోలి చూచినగాని రూకలు మూట విప్పెడివారు కారు. అమ్మువాడును దానికి అలిగెడివాడు కాడు.

ఆ సాయంకాలము యజమాని వెనుక వీథికి పోయి విచారించెను. అచ్చట పని ఏదియు జరుగుట లేదు. అయితే ఒంటరిగ నుండు ఒక వృద్ధుడు ముందునాడే పదివేలు ముట్టచెప్పియుండెను. మరునాడు వత్తుమన్నవారు రాలేదు. ఆయనయొద్దకు మరల పోవుదము.

ఆదివారము యజమాని కూతురును వెంటబెట్టుకొని ఆళ్లగడ్డకు పోయెను. నంద్యాలకు సుమారు 40 కిలోమీటర్ల దూరమున, కడపకు పోవు త్రోవలో, అహోబిలమునకు పోవువారు దిగు ఊరు అది. అచ్చట బాలిక మేనమామ ఇల్లు కట్టుచుండెను. ఆయనయొద్ద నమ్మకమైన మేస్త్రీ కలడు. మచ్చ సంగతి విని మేనమామ నవ్వి, తన సంగతి చెప్పెను.

ఆయన గడపకు వచ్చినది బకెట్టు కాదు, లారీ. రాత్రి తొమ్మిది గంటలకు వచ్చి, “కడపలో ఆర్డరు తప్పిపోయింది, వాపసు తీసుకొనిపోలేము, అగ్గువకు దింపి పోతాము” అనిరి. నునుపుచేసిన నాపబండలు, రెండడుగుల చదరములు, 250; వెరసి 1,000 చదరపు అడుగులు; అడుగునకు 30 రూపాయలు. లాంతరు వెలుతురున అన్నియు బాగుగనే కనబడినవి. డబ్బిచ్చి దింపించుకొనెను. మరునాడు మేస్త్రీ పఱచుచు, బండ రెండడుగులు లేదనెను. కొలిచిన 23 అంగుళములు. ఒక్క అంగుళమే కదా యని మేనమామ అనుకొనెను.

బాలిక అక్కడనే ఇసుకలో పుల్లతో గీసి లెక్కించెను. 24ను 24తో గుణించిన 576. 23ను 23తో గుణించిన 529. ఒక్కొక్క బండకు 47 చదరపు అంగుళములు తక్కువ. 250 బండలకు కలిపి దాదాపు 82 చదరపు అడుగులు. రూపాయలలో సుమారు 2,450. ఒక చిన్న గది నేలంత రాయి లారీతోనే వెళ్ళిపోయినది.

“నేను వీళ్ళమ్మకు చెప్పలేదు, నువ్వూ చెప్పొద్దు” అనెను మేనమామ. ఈ మాటలో ఎంత నిజమున్నదో గమనింపవలెను. మోసపోయినవాడు సొమ్ము పోయినందులకంటె, తెలివితక్కువవాడనిపించుకొందునని ఎక్కువ బాధపడును. అందుచేత నోరు మూసికొనును. అతడు నోరు మూసికొనుటచేతనే ఆ లారీ పై యూరికి పోగలుగుచున్నది.

రాయి కొనుటలో ఆళ్లగడ్డవారికి తెలియనిదేమున్నది? ఆ యూరు శిల్పులకు పేరుపొందినది. దారి ప్రక్కన కొట్టములలో ఉలి చప్పుడు వినబడును. ఈ కాలమున దానితో కోతయంత్రము రొదయు వినబడును. దేవతామూర్తులు, స్తంభములు, తులసికోటలు చెక్కి పంపుదురు. మేనమామ పెరటిలోనికి ఒక తులసికోట చెప్పియుండెను గనుక, అందఱును అచ్చటికి పోయిరి.

శిల్పి మూడు రాళ్ళు చూపెను. సుత్తితో ఒక్కొక్కదానిని తట్టి వినుమనెను. ఒకటి గంటవలె మ్రోగెను. రెండవది కొంచెము మందముగ మ్రోగెను. మూడవదానిలో చప్పుడు చచ్చిపోయెను. లోపల పగులున్నదని చెప్పి దానిని తానే ప్రక్కకు నెట్టెను. రాతిని తడిపి చూపెను. తడి ఆరునపుడు పగులున్నచోట నీటిగీత కొంతసేపు నిలుచును. కొలతలు నేలపై గీసెను. ధర చెప్పెను, ఎన్ని వారములు పట్టునో చెప్పెను.

“ఇంకా త్వరగా కాదా?” అనెను మేనమామ.

“అవుతుంది సామీ. కానీ అది నేను చెక్కినట్టు ఉండదు. నింపాదిగా ఆలోచించి రాండి, రాయి యాడికీ పోదు.”

బాలిక ఆ రెండు మాటలను ప్రక్కప్రక్కన పెట్టి చూచికొనెను. సాయంత్రానికి బండి పోతుందన్నవాడొకడు. రాయి యాడికీ పోదన్నవాడొకడు.

సోమవారము మేస్త్రీ నంద్యాలకు వచ్చెను. అతడు ముందుగా మేడ యెక్కెను. తూము చుట్టును కొట్టి, బీటను విప్పి, సిమెంటుతో పూడ్చి, ఆ మూల వాలు సరిచేసెను. తూమునకు ఇనుప జాలి బిగించెను. క్రింద కప్పునందలి మచ్చను సుత్తికొనతో తట్టి వినెను. బోలు చప్పుడు లేదు. కమ్మికి ఇంకను భయము లేదనెను. కూలియు సామగ్రియు కలిసి 1,600 రూపాయలు. “పూత వేయించుకుంటే మంచిదే సార్, కానీ ఎండాకాలంలో, కప్పు బాగా ఆరినాక” అని కూడ చెప్పెను. ఆ యువకులు తెచ్చిన వస్తువు చెడ్డదని అతడు అనలేదు. మూడు దినములు గడచినను కాగితము పట్టుకొని ఎవరును రాలేదు.

సెప్టెంబరులో మరల పెద్దవాన కురిసెను. మచ్చ పెరుగలేదు గాని, పూర్తిగ పోనులేదు. అవ్వ ప్రతిదినము లేవగానే దానిని తలయెత్తి చూచుచుండెను.

ఇక వెనుక వీథి వృద్ధుని సంగతి. ఆయన చేయగలిగిన దేమియు లేదా? కలదు. 1872వ సంవత్సరపు ఒప్పందముల చట్టము ప్రకారము, మోసముచేతగాని, లేనిది ఉన్నట్లు చెప్పుటచేతగాని పొందిన సమ్మతి స్వేచ్ఛగల సమ్మతి కాదు; అట్టి ఒప్పందమును మోసపోయినవాడు త్రోసిపుచ్చవచ్చును. 2019వ సంవత్సరపు వినియోగదారుల రక్షణ చట్టము, అమ్మిన వస్తువునకు, చేసిన పనికి బిల్లు ఇయ్యకపోవుటను అన్యాయపు వ్యాపార పద్ధతులలో చేర్చినది. అమ్మినవాని ఊరికి పోనక్కఱలేదు. తాను నివసించు చోటనే జిల్లా కమీషను ఎదుట ఫిర్యాదు చేయవచ్చును. చెల్లించిన సొమ్ము అయిదు లక్షలకు మించనిచో రుసుము లేదు. నష్టము జరిగిన రెండేండ్లలోపల చేయవలెను. అంతకు ముందు 1915 అను జాతీయ సహాయ సంఖ్యకు ఫోను చేసి చెప్పుకొనవచ్చును.

యజమాని ఈ సంగతులు చెప్పి వృద్ధుని ఒప్పించెను. ఒప్పించుటకు రెండు సాయంకాలములు పట్టినవి. పోనిమ్మని, తనదే పొరపాటని, ఈ వయస్సులో ఎవరితో తగవని ఆయన అనెను. చివరకు బాలిక కాగితము కలము తీసికొని ఆయన ప్రక్కన అరుగుపై కూర్చుండెను. తేదీ వ్రాసెను. ఇచ్చిన సొమ్ము వ్రాసెను. ఎవరి యెదుట ఇచ్చెనో అడిగెను, ఎవరును లేరు. రసీదు అడిగెను, ఒక ఫోను సంఖ్య మాత్రము క్యాలెండరు వెనుక వ్రాసియున్నది.

“సంస్థ పేరేమి తాతా?”

వృద్ధుడు కొంతసేపు వీథివైపు చూచెను.

“అడగలేదమ్మా. ఎండలో పడి వచ్చినాడు, కాఫీ ఇస్తే చల్లగా తాగినాడు. అప్పుడు పేరు అడిగితే, నమ్మలేదనుకుంటాడేమో అని మొగమాటమైంది.”

బాలిక ఆ చోటు ఖాళీగా విడిచి, తరువాతి పంక్తిలో ఫోను సంఖ్యను వ్రాసెను.